సాలువా మీద ఎలక్ట్రాన్లు ఎన్ని?

ఖరగ్‌పూర్ ఐఐటీకి దక్షిణంగా ఉన్న మా సాలువా పేరు తెలుగు పాఠకుల్లో చాలామంది విని ఉండరు. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ లైన్లు, తరాలుగా ఇక్కడే స్థిరపడిన గూర్ఖా కుటుంబాలు, వైమానిక దళం రాడార్ స్టేషను, మధ్యలో రైల్వేలో రిటైరై ఇల్లు కట్టుకున్న మాలాంటి కొద్ది తెలుగు కుటుంబాలు. నేలమీద ఊరి సంగతి ఇంతే. ఊరి మీది ఆకాశం సంగతి వేరు. భూమి చుట్టూ తిరిగే పరిశోధక ఉపగ్రహాలు ప్రత్యేకంగా పట్టించుకునే చోటు ఇది.

సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పై వాతావరణంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా విడిపోయిన ఎలక్ట్రాన్లు, అయాన్లు కలగలిసి ఉండే ప్రాంతమే ఐనోస్ఫియర్. సుమారు 300 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో అది అన్నిటికంటే చిక్కగా ఉంటుంది. ఎండ నడినెత్తిన కాసే భూమధ్యరేఖ మీదే ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కానీ అక్కడ తక్కువే. మన దేశంలో అయస్కాంత భూమధ్యరేఖ తిరువనంతపురం, తుంబా ప్రాంతం దగ్గరగా పోతుంది. పగటిపూట అక్కడి విద్యుత్ క్షేత్రం ప్లాస్మాను పైకి ఎత్తుతుంది. లేచిన ప్లాస్మా అయస్కాంత బలరేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారి, రెండు పక్కలా సుమారు 15 డిగ్రీల దూరంలో పోగుపడుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆపిల్టన్ 1946లో దీన్ని గుర్తించాడు. ఉత్తరపు పోగు అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతాల మీదుగా సాగుతుంది. ఖరగ్‌పూర్ దాని కిందే ఉంది. చెన్నైలో హౌరా మెయిల్ ఎక్కి విజయవాడ, విశాఖ, పలాస, భువనేశ్వర్ మీదుగా ఖరగ్‌పూర్‌లో దిగే మనిషి తనకు తెలియకుండానే ఈ ఎలక్ట్రాన్ల వాలును పాదం నుంచి శిఖరం దాకా ఎక్కి వస్తాడు.

మరి ఈ మధ్యాహ్నం మా ఊరి మీద ఘన సెంటీమీటరుకు ఎలక్ట్రాన్లు ఎన్ని? చిక్కటి పొరలోనైతే పది లక్షలకు అటూ ఇటూ అంటారు. ఆ అటూ ఇటూ ఎంత అన్నదే నేను అడుగుతున్న ప్రశ్న. దానికి జవాబు చెప్పే ఉపగ్రహాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అవి చెప్పే అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. ఆ తేడాను లెక్కగట్టి, అంకె పక్కనే అందరికీ కనిపించేలా ప్రచురించే పని మన దేశంలో ఒక సంస్థకు స్థిరమైన బాధ్యతగా అప్పగించాలి. దానికి డబ్బు, మనుషులు కేటాయించాలి. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

నేను భౌతిక శాస్త్రవేత్తను కాను. మా తాత టెక్కలి వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చాడు. నా ఉద్యోగమంతా ఖరగ్‌పూర్ వర్క్‌షాపు టూల్ రూమ్‌లో గేజీలు సరిచూడటంలో గడిచింది. బ్రాడ్‌గేజ్ బండికి ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు ఉండాలి. 1602 దాటకూడదు, 1599కి తగ్గకూడదు. ఒకే ఇరుసును ఇద్దరు ఫిట్టర్లు రెండు గేజీలతో కొలిచి రెండు అంకెలు చెప్పిన రోజుల్లో మేం సగటు తీసేవాళ్లం కాదు. సీనియర్ ఎవరైతే అతని అంకె రాసుకునేవాళ్లమూ కాదు. రెండు గేజీలనూ టూల్ రూమ్‌కి తెప్పించి, బయట వాడకుండా దాచిపెట్టిన మాస్టర్ గేజీతో సరిచూసేవాళ్లం. ఏది ఎంత తప్పుతోందో చీటీ రాసి దానికే కట్టేవాళ్లం. ఆకాశపు కొలతలకూ ఆ చీటీ కావాలన్నదే నా మాట.

ఈ సంగతి నా దాకా వచ్చింది మా అన్నయ్య మనవరాలి వల్ల. విశాఖలో ఫిజిక్స్ పీజీ చేస్తోంది. దసరా సెలవులకు వచ్చి, ల్యాప్‌టాప్‌లో రెండు గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూపించింది. ఒకటి యూరప్ వాళ్ల స్వార్మ్ ఉపగ్రహాల్లో ఎత్తుగా తిరిగే దానిది. రెండోది ఇటలీ భాగస్వామ్యంతో చైనా 2018 ఫిబ్రవరి 2న పంపిన జాంగ్‌హెంగ్‌ది. రెండూ ఎగిరేది సుమారు 510 కిలోమీటర్ల ఎత్తులోనే. రెండు గీతల్లోనూ మన వైపు మూపు లేస్తోంది, భూమధ్యరేఖ దగ్గర పల్లం పడుతోంది. ఆకారంలో అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. కానీ జాంగ్‌హెంగ్ గీత చాలా కిందికి ఉంది.

“చిన్న తాతయ్యా, ఏది నమ్మమంటావ్?” అని అడిగింది.

“నీ మాస్టర్ గేజీ ఏదమ్మా?” అన్నాను.

దానికి జవాబు వెతుక్కుంటూ ఆ పిల్లా నేనూ చాలా చదివాం. జాంగ్‌హెంగ్ సాంద్రతలు స్వార్మ్ కంటే బాగా తక్కువగా వస్తున్నాయని, ఎక్కువ తక్కువలు మాత్రం రెండింటిలో ఒకేలా కదులుతున్నాయని శాస్త్రవేత్తలు ముందే ప్రచురించారు. కాబట్టి తేడా ఆ పిల్ల లెక్కలో లేదు, కొలిచే పద్ధతుల్లోనే ఉంది.

ఈ రెండు ఉపగ్రహాల్లోనూ కొలిచేది లాంగ్‌మూర్ ప్రోబ్. ఉపగ్రహం ఒంటి నుంచి బయటికి చాచిన చిన్న లోహపు గుండు. దానికి వోల్టేజీ మారుస్తూ పోతే చుట్టూ ఉన్న ప్లాస్మా నుంచి ఎలక్ట్రాన్లో అయాన్లో వచ్చి చేరతాయి. ఆ కరెంటు ఎంతో చూసి సాంద్రత లెక్కగడతారు. పరికరం సులువైనదే, 1920ల నుంచి ఉన్నదే. చిక్కంతా కరెంటును సాంద్రతగా మార్చే లెక్కలో ఉంది. గుండు మీద మలినం పేరుకుంటే కరెంటు మారుతుంది. ఉపగ్రహం ఒంటికి విద్యుదావేశం పట్టినా మారుతుంది. స్వార్మ్ లెక్కలో ఇంకో ఊహ కూడా ఉంది: చుట్టూ ఉన్న అయాన్లన్నీ ఆక్సిజన్‌వే అనుకుని లెక్క కడతారు. పగటిపూట ఆ ఎత్తులో అది చాలావరకు నిజం. సూర్యుడు శాంతంగా ఉన్న ఏళ్లలో రాత్రిపూట హైడ్రోజన్, హీలియం అయాన్లు కిందికి దిగుతాయి. తేలికైన అయాన్లు వచ్చినప్పుడు ఆ లెక్క అసలు కంటే ఎక్కువ సాంద్రత చూపుతుంది. అంటే ఒకే పరికరం పగలు ఒకలా, రాత్రి ఒకలా తప్పవచ్చు. దాని పక్కన ఒక్క సవరణ అంకె రాసి చేతులు దులుపుకోవడం కుదరదు. వేళ, ఋతువు, సూర్యుడి తీరు అన్నీ చీటీలో ఉండాలి.

రెండో పద్ధతి రేడియో ఆకల్టేషన్. తైవాన్, అమెరికా కలిసి 2006 ఏప్రిల్‌లో పంపిన కాస్మిక్ ఉపగ్రహాలు, 2019 జూన్ 25న పంపిన కాస్మిక్-2 ఉపగ్రహాలు జీపీఎస్ సంకేతం భూమి అంచున ఐనోస్ఫియర్‌ను ఒరుసుకుంటూ వచ్చేటప్పుడు దానిలో వచ్చే మార్పును పట్టుకుంటాయి. ఆ మార్పు నుంచి ఏ ఎత్తులో ఎంత సాంద్రత ఉందో వెనక్కి లెక్కగడతారు. దీనితో కింది నుంచి పై దాకా మొత్తం చిత్రం వస్తుంది. సముద్రాల మీద కూడా వస్తుంది. అయితే సంకేతం దాటిన వేల కిలోమీటర్ల దారి పొడుగునా, ఒక ఎత్తులో సాంద్రత ఒకేలా ఉందని ఆ లెక్క అనుకుంటుంది. యూరప్ మీద ఆ ఊహ చాలావరకు పనిచేస్తుంది. చెన్నై నుంచి ఖరగ్‌పూర్‌కు వచ్చేలోపే పల్లం నుంచి శిఖరానికి ఎక్కే మన ఆకాశంలో పనిచేయదు.

దాని ఫలితం ఏమిటో తైవాన్ శాస్త్రవేత్తలే 2010లో చూపించారు. శిఖరాల కింద, తక్కువ ఎత్తులో, ప్లాస్మా పలచబడిన గుహల్లాంటి ఆకారాలు కాస్మిక్ చిత్రాల్లో కనిపించాయి. నమూనా ఐనోస్ఫియర్‌ను తీసుకుని అదే లెక్కలోంచి పంపితే, అసలు లేని చోట కూడా గుహలు పుట్టుకొచ్చాయి. చిత్రంలో కనిపించింది ఆకాశంలో ఉన్నది కాదు, లెక్క తయారుచేసింది. తమ ఉపగ్రహం చిత్రాల్లోని లోపాన్ని తామే బయటపెట్టిన ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. శిఖరం కింద బతుకుతున్న మనకు ఆ పత్రం అందరికంటే ఎక్కువ పనికొస్తుంది.

కొన్ని ఉపగ్రహాలైతే మా మీదికి రానే రావు. ఐనోస్ఫియర్ అలజడుల కోసం అమెరికా 2008లో పంపిన సీ-నాఫ్స్ 13 డిగ్రీల అక్షాంశం దాటేది కాదు. చెన్నై దాకా వచ్చి తిరిగిపోయేది. కాస్మిక్-2 సుమారు 24 డిగ్రీల దాకా వస్తుంది, అంటే సాలువాను దాటిన కాసేపటికే మళ్లీ దక్షిణానికి మళ్లుతుంది. స్వార్మ్ ఉత్తర దక్షిణాలుగా ఎగురుతూ తుంబా నుంచి మా ఊరి దాకా ఉన్న వాలు మొత్తాన్ని నాలుగు నిమిషాల్లోపే కోసుకుపోతుంది. జాంగ్‌హెంగ్ మా మీదికి ఎప్పుడొచ్చినా మధ్యాహ్నం రెండుకో తెల్లవారుజామున రెండుకో వస్తుంది. స్వార్మ్ వచ్చే వేళ రోజురోజుకీ మారుతూ పోతుంది. ఈ రెండూ ఒకే చోట, ఒకే వేళకు కలిసే అదను తరచుగా రాదు. వచ్చినప్పుడు కింద నేలమీద సాక్షి కూడా ఉండాలి.

ఆ సాక్షి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. పేరు ఐనోసోండ్. ఇది రేడియో తరంగాలను నిట్టనిలువుగా పైకి పంపి, పౌనఃపున్యం పెంచుకుంటూ పోతుంది. ఒక హద్దు దాకా తరంగాలు తిరిగి వస్తాయి, ఆపైన పొరను చీల్చుకుని పోతాయి. ఆ హద్దు 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే పొర నడిమధ్యన ఘన సెంటీమీటరుకు సుమారు 12 లక్షల 40 వేల ఎలక్ట్రాన్లు ఉన్నట్టు. హద్దు రెట్టింపైతే సాంద్రత నాలుగింతలు. అయాను ఆక్సిజన్‌దా హైడ్రోజన్‌దా అన్న ఊహ దీనికి అక్కర్లేదు. గుండు మీద మలినం అన్న సమస్య లేదు. మనిషి అత్యంత కచ్చితంగా కొలవగలిగినవాటిలో పౌనఃపున్యం ఒకటి, ఇది నిలబడింది దాని మీదే. నా పనివాడి బుద్ధికి మాస్టర్ గేజీ అంటే ఇదే. దీనికీ ఒక హద్దుంది, పొర అన్నిటికంటే చిక్కగా ఉన్న ఎత్తు దాటి పై భాగాన్ని నేలమీది ఐనోసోండ్ చూడలేదు. ఆ చిక్కటి ఎత్తు 350 కిలోమీటర్ల దగ్గరుండి ఉపగ్రహం 510లో ఎగిరితే మధ్య దూరాన్ని లెక్కతో నింపాలి. పై భాగాన్ని నేలమీంచే చూడగల పెద్ద రాడార్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. పెరూలోని హికమార్కా వాటిలో ఒకటి. పోర్టోరికోలోని అరెసిబో 2020 డిసెంబరు 1న కూలిపోయింది. స్వార్మ్ కొలతలను ఇలాంటి రాడార్లతో, కాస్మిక్‌తో పోల్చి 2018లో సవరణలు ప్రచురించారు. మన దేశంలో ఆ పనికి సరిపోయే రాడార్ లేదు. గడంకి రాడార్ గొప్పదే, కానీ అది వేరే పనుల కోసం కట్టింది. కాబట్టి మనకు ఐనోసోండే దిక్కు. చిన్నదని దాన్ని తీసిపారేయకూడదు.

ఈ విద్యలో మనం కొత్తవాళ్లం కాదు. శిశిర్ కుమార్ మిత్ర కలకత్తాలో కూర్చుని రాసిన పై వాతావరణ గ్రంథం 1947లో వెలువడి, తర్వాత రష్యన్‌లోకి కూడా వెళ్లింది. చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరుంది. వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు 1950ల్లోనే, దూరదూరంగా పెట్టిన రిసీవర్లతో ఐనోస్ఫియర్ గాలుల వేగాన్ని కొలిపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ పని ఆగలేదు. పి.వి.ఎస్. రామారావు, ఆయన సహచరులు 2004, 2005 సంవత్సరాల్లో దేశమంతటా ఉన్న జీపీఎస్ రిసీవర్ల కొలతలను ఒకచోట చేర్చి, పల్లం నుంచి శిఖరం దాకా ఎలక్ట్రాన్ల రాశి ఎలా మారుతుందో రాశారు. మా జిల్లాలోనే సీతాపూర్‌లో కోల్‌కతా వాళ్ల పరిశోధన కేంద్రం, దక్షిణాదిన విజయనారాయణం నుంచి నౌకాదళం పంపే 18.2 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పట్టి కింది ఐనోస్ఫియర్‌ను గమనిస్తోంది.

ఐనోస్ఫియర్‌ను పైనుంచి కొలిచే పని మన సొంత ఉపగ్రహం ఒకటి ఏళ్లపాటు చేసింది. శ్రీహరికోట నుంచి 1994 మే 4న ఏఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన స్రాస్-సీ2. ఆ వరుసలో మొదటి రెండు ప్రయోగాలు విఫలమై, మూడోది అనుకున్నదాని కంటే తక్కువ కక్ష్యలో చేరాక, ఇది నిలబడింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల తయారుచేసిన పరికరంతో అయాన్ల సాంద్రతను, ఉష్ణోగ్రతలను 2001 జులై దాకా కొలిచింది. దాని పద్ధతి లాంగ్‌మూర్ గుండుది కాదు. వరుసగా జాలీలు పెట్టి, వోల్టేజీ పెంచుతూ అయాన్లను అడ్డుకుంటుంది. ఉపగ్రహం వేగం వల్ల బరువైన ఆక్సిజన్ అయాను ఎక్కువ శక్తితో, తేలికైన హైడ్రోజన్ అయాను తక్కువ శక్తితో లోపలికి వస్తాయి కాబట్టి ఏది ఎంతో విడదీసి చెప్పగలదు. స్వార్మ్ లెక్కలో ఊహగా మిగిలిపోయినదాన్ని ఇది కొలిచేది. 115 కిలోల ఉపగ్రహం, పూర్తిగా మన చేతి పని. ఆ అంకెలను అంతర్జాతీయ నమూనా ఐఆర్‌ఐతో పోల్చి, మన అక్షాంశాల్లో ఆ నమూనా ఎక్కడ ఎక్కువ చెబుతోందో ఎక్కడ తక్కువ చెబుతోందో మన పరిశోధకులు రాసిన పత్రాలున్నాయి. ఒక సూర్యచక్రంలో ఎక్కువ భాగాన్ని చూసిన ఆ కొలతలు స్వార్మ్ కొలతలంత సులువుగా ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌లోకి దిగాలి. మా పిల్ల రెండు గీతలు గీసింది. మూడోది మన దేశానిది కావాలని నా ఆశ.

ఇదంతా విశ్వవిద్యాలయాల వాళ్లు చూసుకునే పని కదా, పత్రికలో ఎందుకు అని అడిగేవారుంటారు. ఉపగ్రహం నుంచి ఫోన్‌కి వచ్చే సంకేతం ఈ ఎలక్ట్రాన్ల గుండానే రావాలి. చదరపు మీటరు నిలువు స్తంభంలో ఎన్ని ఎలక్ట్రాన్లుంటే అంత ఆలస్యం. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో శిఖరం కింద ఆ ఆలస్యం 16 మీటర్ల దూరాన్ని మించిన తప్పుకు సమానమవుతుంది. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ ఈ తప్పును సవరించడానికే తన శక్తిలో పెద్ద భాగం పెడుతుంది. భూమధ్యరేఖ ప్రాంతంలో ధ్రువీకరణ పొందిన అలాంటి వ్యవస్థల్లో అదే మొదటిది. 2015 ఏప్రిల్‌లో విమానం దిగే దశకూ అనుమతి వచ్చింది. రైళ్ల జాడ చెప్పే వ్యవస్థ కూడా ఇస్రో సహకారంతో ఉపగ్రహాల మీదే నడుస్తోంది. సూర్యాస్తమయం తర్వాత, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ప్లాస్మాలో బుడగలు లేచి మన వైపు పాకుతాయి. ఆ వేళ సంకేతం మినుకుమినుకుమంటుంది, ఒక్కోసారి తెగిపోతుంది కూడా. శిఖరం మీద సాంద్రత ఎంత ఎక్కువుంటే ఈ దెబ్బ అంత గట్టిది.

ఇంకో కారణం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా, ఫలానా ఉపగ్రహం ముందే పసిగట్టిందంటూ వార్తలు వస్తాయి. ఫ్రాన్స్ 2004లో డెమెటర్‌ను, చైనా జాంగ్‌హెంగ్‌ను పంపింది ఆ ప్రశ్నను పరీక్షించడానికే. ప్రశ్న న్యాయమైనదే. కానీ మా మీది ఆకాశంలో ఎలక్ట్రాన్లు భూకంపం లేని రోజుల్లో కూడా నిన్నటికీ ఇవాళ్టికీ బాగా మారతాయి. 2024 మే 10, 11 తేదీల సౌర తుఫాను లాంటిది వస్తే మొత్తం తలకిందులవుతుంది. అలాంటి చోట ఒక్క ఉపగ్రహం, ఒక్క రోజు, ఒక్క అంకె చూసి జనాన్ని భయపెట్టడం అన్యాయం. ఏ ఎత్తులో కొలిచారు, ఏ వేళ, అదే వేళకు ఇంకో ఉపగ్రహం ఏం చెప్పింది, కింద ఐనోసోండ్ ఏం చెప్పింది, సూర్యుడు ఎలా ఉన్నాడు అని విలేకరులు అడగాలి. జవాబులు లేకపోతే ఆ వార్త ఆపాలి. ఒడిశా, బెంగాల్, ఉత్తరాంధ్ర తీరాల జనం తుఫాను హెచ్చరికలను నమ్మి ప్రాణాలు దక్కించుకుంటున్నారు. హెచ్చరిక మీద ఆ నమ్మకం ఏళ్ల తరబడి సంపాదించుకున్నది. పోల్చి చూడని అంకెలతో దాన్ని చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు.

ఏం చేయాలన్నది నా లెక్కలో పెద్ద ఖర్చు పని కాదు. హౌరా–చెన్నై లైను ఈ వాలు వెంటే పోతోందని మొదట చెప్పాను. చెన్నై, విజయవాడ, విశాఖ, బరంపురం, భువనేశ్వర్, ఖరగ్‌పూర్: వీటన్నిటిలో రెండు పౌనఃపున్యాల జీపీఎస్ రిసీవరు పెట్టడానికి ఒక గది, ఒక కప్పు, ఆగని కరెంటు చాలు. అవి రైల్వే దగ్గర ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా వెయ్యికి పైగా రిసీవర్లను ఇప్పటికే నడుపుతోంది. భూమి కొలతల కోసం వాళ్లు సవరించి తీసేసే ఐనోస్ఫియర్ ఆలస్యమే ఇక్కడ మనకు కావలసిన సరుకు. దాన్ని పారేయకుండా పరిశోధకులకు ఇవ్వాలి. విశాఖలోనూ ఖరగ్‌పూర్ ప్రాంతంలోనూ రోజంతా ఆగకుండా నడిచే ఐనోసోండ్ ఉండాలి, దాని అంకెలు గంట తిరగకుండా అందరికీ అందాలి. ఏ ఉపగ్రహం శిఖరాన్ని దాటినా ఆ పూటే పోలిక జరగాలి, తేడా ఎంతో బయటికి రావాలి. ఐఐటీ గేటుకు ఇంత దగ్గరలో, ఇంత చదువు మధ్యలో, ఇది అసాధ్యమని నేను అనుకోను.

వర్క్‌షాపులో గేజీలు సరిచూసేవాడికి బోగీ తయారుచేసేవాడికి ఉన్న పేరు రాదు. ప్రయోగశాలల్లోనూ అంతేనని మా పిల్ల చెబుతోంది. కొత్త పరికరం ఎగరేస్తే ఫోటోలు పడతాయి. రెండు పాత పరికరాలను రెండేళ్లు పోల్చిన పిల్లకు మార్గదర్శి దొరకడమే కష్టం. తిరువనంతపురం అంతరిక్ష విద్యాసంస్థ చేసిన అయాన్ల పరికరం 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ చివరి దశ మీదెక్కి 485 కిలోమీటర్ల కక్ష్యలో తిరిగింది. దాని తర్వాతి రూపం 2023లో వెళ్లింది. ఖాళీ అయిన రాకెట్ దశను ప్రయోగశాలగా మార్చిన ఆలోచన అద్భుతమైనది. అలాంటి ప్రతి ప్రయోగానికీ ఇచ్చే నిధుల్లో పోలిక కోసం కొంత భాగం విడిగా రాసిపెట్టాలి. దాన్ని మరో పనికి మళ్లించకూడదు.

ఐనోస్ఫియర్ కోసమే దిశ అనే పేరుతో జంట ఉపగ్రహాల ప్రతిపాదన ఇస్రో దగ్గర ఉంది. అవి ఎగిరేలోపే నేలమీది ఐనోసోండ్లు విశాఖలో, ఖరగ్‌పూర్‌లో కనీసం ఒక ఏడాది, నాలుగు ఋతువుల మార్పులు చూసి సరిచేసుకుని సిద్ధంగా ఉండాలి. ఎగిరాక టెండర్లు పిలిస్తే, పరికరాలు కొత్తగా ఉండే మొదటి నెలల కొలతలను దేనితోనూ సరిచూడలేం.